పాత విత్తనమే గెలిచింది, శీనూ!

ఒరేయ్ శీనూ,

జవాబు రాయడం బాగా ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. నువ్వు అడిగినవాటికి ముందు గబగబా చెప్పేస్తాను. నాన్న మోకాలి నొప్పి తగ్గింది, కర్ర లేకుండానే నడుస్తున్నాడు. పాప పరీక్షలు అయిపోయాయి. అక్కయ్యవాళ్లు ఈసారి రావడం లేదట. ఆ గంటస్తంభం మనిషి మళ్లీ ఫోన్ చేశాడు, నేను ఎత్తలేదు, నీకిచ్చిన మాట మాటే! ఇంక అసలు సంగతికి వస్తాను. ఇది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

బీడు శుభ్రమైపోయిందిరా! ఆ సర్కారు తుమ్మ అంతా పోయి నాలుగెకరాలూ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కనిపిస్తున్నాయి. పైపైన నరికి వదిలేస్తే మొదట్లోంచి గుంపుగా పిలకలేసుకుని మళ్లీ లేస్తుంది కదా, అందుకని జేసీబీ పెట్టి వేరు మొదలుతో సహా పెకలించాం. జమ్మి చెట్లు మాత్రం ముట్టుకోనివ్వలేదు, వాటి కింద గడ్డి ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఆ వంకర వేప కూడా ఉంది. అవును, అదే! దాని జోలికి ఎవరినైనా రానిస్తానా?

సరే, నేల ఖాళీ అయింది. పశువుల మేతకి ఏ గడ్డి వెయ్యాలి? అడిగిన ప్రతివాళ్లూ నేపియర్ అన్నారు. పక్క పొలం మామయ్య అయితే కాడలు తనే తెచ్చిస్తానన్నాడు. పాపం, ప్రేమ కొద్దీ చెప్పాడు. నీళ్లు పెట్టుకుంటూ, ఎరువు వేసుకుంటూ, కోసుకొచ్చి కొట్టంలో మేపుకునేవాళ్లకి నేపియర్‌ని మించింది లేదు. మనది వాన మీద బతకాల్సిన బీడు, పైగా పశువులు తిరిగి మేసే చోటు. ఎంత ఎత్తు పెరుగుతుందన్నది నాకు అక్కర్లేదు. పశువు కొరికాక, గిట్టలతో తొక్కాక, నెలల తరబడి ఎండాక, ఒక్క వానకి మళ్లీ లేస్తుందా? నాకు కావలసింది అది.

అందుకే కొట్టుకి వెళ్లేముందు గొర్రెలు కాసే తాతని తీసుకుని బీడంతా నడిచాను. ఆ పెద్దాయనతో నడవడం ఒక చదువురా శీనూ. మనం దూరంగా చూస్తూ నడుస్తాం, ఆయన కాళ్ల దగ్గర చూస్తూ నడుస్తాడు. పై భాగమంతా గరప నేల, రాళ్లు. అక్కడ రాళ్ల సందున ఎవరూ వెయ్యని అంజన్ గడ్డి దుబ్బులు కొన్ని ఉన్నాయి. పూర్తిగా ఎండి, పట్టుకుంటే పొడి రాలుతోంది. నేను చచ్చిపోయాయనే అనుకున్నాను. తాత కూర్చుని ఒక దుబ్బు మొదలు దగ్గర గోటితో గీకాడు. లోపల తడిగా, లేత పచ్చగా ఉంది! ఇంత ఎండలో, ఇన్నేళ్లు ఆ తుమ్మ కింద నలిగి కూడా. "ఈ నేల దీన్నే అడుగుతోంది కదయ్యా" అన్నాడు. అంతే, పై రెండెకరాల సంగతి నా మనసులో అక్కడే తేలిపోయింది.

కింద పల్లం వేరు. వాన పడితే నీళ్లు నిలిచిపోతాయి, తుంగ తప్ప ఏమీ కనబడదు. నీళ్లు నిలిచే చోట అంజన్ బతకదు. దాని సంగతి తర్వాత చెబుతాను, నీతో పని ఉంది. కంప తగలబెట్టిన చోట్లు కూడా చూశాం, బూడిద మందంగా పడి ఉంది. ఆ బూడిదని నేలంతా పలచగా చిమ్మేయకపోతే అక్కడక్కడా క్షారం ఎక్కువై మొలక సరిగా రాదు. పారతో చిమ్మించేశాను.

ఇప్పుడు విన్నావా, కొట్టు సంగతి. ముందుగా ఒక రంగురంగుల సంచి నా చేతిలో పెట్టారు. అన్ని నేలలకీ పనికొచ్చే గడ్డి మిశ్రమమట. తిప్పి చూస్తే ఏ గడ్డి ఎంత కలిపారో లేదు, మొలక శాతం లేదు, పరీక్ష చేసిన తేదీ లేదు. నాకు ఒళ్లు మండింది. రైతు ఏడాదంతా ఆ సంచి మీద ఆధారపడతాడు కదా, ఆ మాత్రం రాయకపోతే ఎలా? అక్కడే పెట్టేసి విడి అంజన్ విత్తనం అడిగాను. ఈ మధ్యనే కోసింది ఒకటి ఉంది, నిరుటిది ఒకటి మూలన ఉంది. "అది పాతదండీ, తాజాది పట్టుకెళ్లండి" అన్నాడు కొట్టతను. రెండూ కొంచెం కొంచెం కట్టించుకుని వచ్చాను.

అంజన్ విత్తనం నువ్వు చూశావో లేదో. విత్తనంలా ఉండదు. ఊదారంగు కలిసిన నూగు వెంట్రుకల చిన్న చిన్న కుచ్చులు, ఊపిరి వదిలితే ఎగిరిపోతాయి, చొక్కా చేతులకి అంటుకుంటే ఒక పట్టాన రావు. ఆ కుచ్చుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపితే లోపల గట్టిగా చిన్న గింజ తగలాలి. తగలకపోతే అది ఉత్త పొల్లు. కొన్నిట్లో గింజే లేదు! తూకంలో మాత్రం అవన్నీ విత్తనమే.

ఇంట్లో తడిగుడ్డ పరిచి కొత్తవి నూరు, పాతవి నూరు లెక్కపెట్టి వరసల్లో పెట్టి చుట్టేశాను. గుడ్డ ఆరకుండా చూసుకోవడం పాప పని. ఎంత టెన్షన్ పడ్డానో! చివరికి విప్పి చూస్తే, కొత్త విత్తనం వరసల్లో పదో పన్నెండో తెల్లటి వేళ్లు. పాతదాంట్లో దాదాపు సగం మొలిచాయిరా! పాప రెండుసార్లు లెక్కపెట్టింది. నాన్న కళ్లజోడు తెచ్చుకుని మరీ చూశాడు. తర్వాత తెలుసుకుంటే ఇందులో వింతేమీ లేదట. కోసిన కొత్తలో అంజన్ గింజ నిద్రావస్థలో ఉంటుంది, పొడి చోట కొన్ని నెలల నుంచి ఏడాది దాకా నిలవ ఉంటేనే బాగా మొలుస్తుంది. అలాగని ఏళ్లకేళ్లు దాచినా పనికిరాదు. వరి విత్తనం లెక్కలో తాజాదే మేలనుకుని కొనుక్కెళ్లినవాళ్లు ఎంతమంది తమ నేలనీ వాననీ తిట్టుకున్నారో!

ఇంకో లెక్క చెబుతాను, ఇది నువ్వు తప్పకుండా రాసిపెట్టుకో. సంచిలో నూటికి 60 పాళ్లు నిజం విత్తనం, అందులో నూటికి 40 మొలిచేవి అనుకో. 60ని 40తో హెచ్చించి నూరుతో భాగిస్తే 24. అంటే కిలో కొంటే బతికే విత్తనం పావుకిలో కూడా లేదన్నమాట. ఎకరానికి రెండు రెండున్నర కిలోలు చాలంటారు గానీ, అది మంచి విత్తనం మాట. మొలక తక్కువైతే ఆ మేరకు ఎక్కువ చల్లాలి. చవకగా వస్తోందని కొనేముందు ఈ లెక్క వేసుకోవాలి.

గడ్డి ఒక్కటే వేస్తే నేల త్వరగా నీరసపడిపోతుంది, అందుకని మధ్యలో స్టైలో కలుపుతున్నాను. అది పప్పుజాతి మొక్క, వేరు బుడిపెల్లో నత్రజని పట్టి పెడుతుంది, పశువుకి మాంసకృత్తులూ అందుతాయి. దాని గింజకి చివర కొక్కెంలాంటి చిన్న ముక్కు ఉంటుంది, భలే ముద్దుగా ఉంటుంది! పై తోలు మాత్రం మహా గట్టిది, నీళ్లు లోపలికి పోనివ్వదు. 80 డిగ్రీల నీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీళ్లలో వెయ్యాలి. మరుగుతున్న నీళ్లు పొయ్యకూడదు, థర్మామీటరు పెట్టుకునే చేస్తాను.

ఒక విషయం మాత్రం నన్ను తినేస్తోంది. ఒక్క మొక్కనే నమ్ముకుంటే ఏమవుతుందో చదివాను. ఆస్ట్రేలియా ఉత్తర భాగంలో టౌన్స్‌విల్ స్టైలో అని ఒక రకాన్ని విపరీతంగా వేశారట, 1970ల్లో ఆంత్రాక్నోస్ తెగులు వచ్చి బీళ్లకి బీళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. అందుకే ఆ తెగులుని కొంత తట్టుకునే హమాటా స్టైలో తీసుకుంటున్నాను. అదే దేశంలో మన అంజన్ గడ్డి మేతకి ఎంత ఉపయోగపడిందో, అడవుల్లోకి పాకి అక్కడి సొంత గడ్డిని అంతగానూ తొక్కేసింది. అది చదివాక రాత్రంతా ఆలోచించాను. వాగు పక్కన ఒక పట్టీ దున్నకుండా, ఏమీ చల్లకుండా వదిలేస్తున్నాను. అక్కడ పుట్టిన గడ్డి అక్కడే ఉండాలి. మామయ్యకి అది వృథాగా కనిపిస్తోంది, కానీ...

చల్లడం తొలకరి పడ్డాక. తడి ఇసుక కలిపి చల్లితే గాలికి ఎగరదు. సెంటీమీటరు లోతు దాటితే మొలక పైకి రాలేదు, కాబట్టి గొర్రు వద్దు, వెనకాల వేప కొమ్మలు కట్టి లాగితే చాలు. తుమ్మ కంప లాగుదామన్నారు, నేను ఒప్పుకోలేదు. ఒక్క కాయ రాలినా మళ్లీ మొదటికొస్తుంది. ఆ కాయలు తిన్న పశువుల పేడలోంచి కూడా మొలుస్తాయి, తెలుసా? అందుకే బయటి మందల్ని కొన్నాళ్లు రానివ్వను. తాతకి ఈ మాట చెప్పడమే కష్టమైంది, ఆయన మాత్రం వెంటనే సరేనన్నాడు. మన పశువుల్ని కూడా మొదటి ఏడు తోలను, గింజ రాలనిచ్చి ఆ తర్వాత కోసుకొచ్చి వేస్తాను. దుబ్బుని గుప్పెట పట్టి గట్టిగా లాగితే వేరు కదలకూడదు, అప్పుడే పశువుల్ని మేతకి వదలాలి.

ఇప్పుడు నీతో పని. పల్లానికి పారా గడ్డి అనుకుంటున్నాను, నీళ్లు నిలిచినా బతుకుతుంది. అది కాడలతో నాటేది కదా, మీ చెరువు కింద బోలెడు ఉందని నువ్వే అన్నావు. రెండు మూడు కణుపులున్న ముదురు కాడలు, వానలు పట్టగానే, ఒక ఆటో లోడు పంపగలవా? పాతకాలం బాకీ కింద జమేసుకుంటాను, ఏ బాకీయో నీకు తెలుసు. కాలవలోకి పాకిపోతుందని భయం ఉంది, గట్టు వేసి ఆపాలా, లేకపోతే అంచు రెండడుగులు ఎప్పటికప్పుడు కోసేస్తే సరిపోతుందా? మీ దగ్గర ఎలా చేస్తారో అది వివరంగా రాయి, ఇంకా ఆ

ట్రాక్టరు వచ్చేసింది, హారన్ కొడుతున్నాడు. పోస్టు కూడా ఇతని చేతికే ఇచ్చి పంపాలి. కాడల సంగతి మర్చిపోకు.

నీ
రాంబాబు