హోప్ ఐలాండ్‌కు పగటి విహారం చాలు

సంపాదకుడు గారికి నమస్కారం.

ప్రశాంతమైన సముద్రతీరం కోసం గోవాకో, అండమాన్‌కో బయలుదేరే మన గోదావరి జిల్లాల వారికి కాకినాడ రేవులో పడవెక్కితే చేరుకోగలిగిన హోప్ ఐలాండ్ ముంగిట్లోనే ఉంది. ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు పెద్ద అలలుండని కాకినాడ అఖాతం, నడుమ సరుగుడు చెట్లు, మత్స్యకారుల ఇళ్లు ఉన్న ఆ దీవిని ఒకసారి చూసినవారు మళ్లీ వెళ్లాలని కోరుకోవడం సహజమే. దానిని పర్యాటకులకు మూసివేయాలని నేను అనడం లేదు. అయితే పర్యాటకాభివృద్ధి ప్రస్తావన వచ్చినప్పుడల్లా అక్కడ రాత్రి బసకు కాటేజీలు, రిసార్టులు కట్టాలనే మాట వినిపిస్తుంటుంది కనుక, అది ఎందుకు తగదో మీ పత్రిక ద్వారా చెప్పదలిచాను.

కార్తిక వనభోజనాలు మొదలుకొని సంక్రాంతి సెలవులు దాటి ఎండలు ముదిరే దాకా ఇక్కడ విహారానికి అనువైన కాలం. ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లు ఈ దీవి ఒడ్డున గుడ్లు పెట్టే కాలం కూడా ఇందులోనే వస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆడ తాబేలు రాత్రివేళ ఒడ్డెక్కి, ఇసుకలో గుంత తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, పైన ఇసుక కప్పి తిరిగి నీటిలోకి వెళ్లిపోతుంది. ఇసుక వేడికే దాదాపు 50 రోజులకు గుడ్లు పిల్లలవుతాయి. ఆ పిల్లలు సాధారణంగా రాత్రిపూటే బయటపడి, వెలుతురు ఎక్కువగా కనిపించే దిక్కుకు, అంటే ఆకాశం కింద మెరిసే సముద్రం వైపు పాకుతాయి. ఒడ్డున విద్యుద్దీపాలు వెలుగుతుంటే అవి సముద్రాన్ని వదిలి ఆ దీపాల వైపే నడిచి, తెల్లవారేసరికి కుక్కల పాలో, కాకుల పాలో అవుతాయి. గుడ్లు పెట్టవచ్చిన తల్లి సైతం మనుషుల అలికిడికి, టార్చి వెలుతురుకు బెదిరి వెనుదిరుగుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పులితో పాటు ఈ తాబేలును కూడా అత్యధిక రక్షణ కల్పించే మొదటి షెడ్యూలులోనే చేర్చింది.

ఇక దీవి సంగతి. ఇది రాతి నేల కాదు. గోదావరి మోసుకొచ్చిన ఇసుకను సముద్ర ప్రవాహం ఉత్తరానికి నెడుతూ రాగా, గత రెండు శతాబ్దాలలో 16 నుంచి 18 కిలోమీటర్ల పొడవున పేరుకున్న ఇసుక తిన్నె. కాకినాడ రేవుకు అలల తాకిడి తగలకుండా అడ్డుగా నిలిచింది ఈ తిన్నెయే. 1839లో ఉప్పెన కోరంగి రేవును ఎలా తుడిచిపెట్టిందో చరిత్రలో ఉంది. 1996 నవంబరు 6 నాటి తుపాను భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్లలో మిగిల్చిన దుఃఖం మా తరానికి ప్రత్యక్షంగా తెలుసు. గోదావరి ఎగువన ఆనకట్టలు, జలాశయాలు ఒండ్రును పట్టి ఉంచుతున్నందున డెల్టాకు చేరే మట్టి, ఇసుక తగ్గిపోయాయి. ఉత్తరాన ఉప్పాడలో సముద్రం ఇళ్లను, రోడ్డును కోసుకుపోతుండగా, ఇక్కడ ఇసుక దిబ్బలను చదును చేసి గదులు కట్టడాన్ని అభివృద్ధి అని ఎలా అనగలం? మడ అడవులను, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలను సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలం) నిబంధనలు అత్యంత సున్నితమైన ప్రాంతాలుగా గుర్తించాయి కూడా.

ఉదయం వెళ్లి పొద్దు గుంకేలోపు తిరిగి వచ్చే యాత్రలతోనే ఈ దీవి అందాన్ని తనివితీరా చూడవచ్చు. లక్షద్వీప్‌కు వెళ్లేవారు ముందుగా అనుమతి పత్రం తీసుకుంటున్నట్లే, ఇక్కడికీ రోజుకు ఇంతమందికేనని పరిమితి పెట్టి అనుమతులివ్వాలి. పడవలు నడిపే పని, భోజనాల ఏర్పాటు దీవిలోని మత్స్యకార కుటుంబాలకే అప్పగిస్తే పర్యాటకుల డబ్బు ముందుగా వారి ఇళ్లకే చేరుతుంది. తీసుకెళ్లిన ప్లాస్టిక్ సీసాలు, పొట్లాలు తిరిగి రేవులో అప్పగించిన తర్వాతే ముందుగా కట్టించుకున్న సొమ్మును వాపసు ఇవ్వాలి. పడవ భద్రత విషయంలో మాత్రం ఏ సడలింపూ ఉండరాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదం తర్వాత కూడా లైఫ్ జాకెట్ వేసుకోవడం ప్రయాణికుల ఇష్టానికి వదిలేయడం క్షమించరానిది.

జిల్లా యంత్రాంగం, అటవీ శాఖ, పర్యాటక శాఖ కలిసి వచ్చే కార్తిక మాసానికి ముందే ఈ నియమాలను ఖరారు చేసి, పడవలు బయలుదేరే చోట అందరికీ కనబడేలా తెలుగులో రాసిపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తాళ్లరేవు, కాకినాడ జిల్లా