ఈ-సైన్ చేశాక మళ్లీ పెన్ను సంతకం ఎందుకు?

సంపాదకుడు గారికి నమస్కారం,

ఆన్‌లైన్‌లో సంతకం చేసిన డాక్యుమెంట్ పట్టుకుని మన హైదరాబాద్‌లో ఆఫీసులకి వెళ్తే ఏమవుతుందో చాలామందికి అనుభవమే. ముందు ప్రింట్ తెమ్మంటారు, తెస్తే సంతకం ఏదీ అంటారు, ఇదిగో పేరు, డేటు, టైము అన్నీ ఉన్నాయి సార్ అంటే అవి కాదమ్మా పెన్నుతో పెట్టించి పట్రా అంటారు. మా అమ్మ పెన్షన్ పని మీద వెళ్లినచోట నాకూ ఇదే జరిగింది, ఆ ఆఫీసు పేరు ఎందుకులెండి, అన్నిచోట్లా అదే తంతు.

అసలు డిజిటల్ సంతకం ఉండేది ఫైల్‌లో. సంతకం అయ్యాక అందులో ఒక్క అక్షరం మార్చినా కంప్యూటర్ పట్టేస్తుంది. ప్రింట్ తీస్తే అదంతా పోయి ఉత్త బొమ్మ మిగులుతుంది, అంటే చెక్ చేసుకునే వీలున్నదాన్ని వాళ్లే వీలు లేకుండా చేసి, ఆ తర్వాత అనుమానపడతారు! పోనీ ఫైల్ మెయిల్ చేస్తామంటే అందులో పసుపు రంగు క్వశ్చన్ మార్క్ చూసి భయం. ఆధార్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసినవాళ్లందరూ చూసే ఉంటారు, 'వాలిడిటీ అన్‌నోన్' అని వస్తుంది. అది దొంగ సంతకమని కాదు, ఆ సంతకం ఎవరిదో చెప్పే డిజిటల్ సర్టిఫికెట్‌ని నమ్మొచ్చని ఆ కంప్యూటర్‌కి ఇంకా ఎవరూ చెప్పలేదని, సెట్టింగ్స్‌లో ఒకసారి ట్రస్ట్ ఇస్తే గ్రీన్ టిక్ వచ్చేస్తుంది. ఈ ముక్క కౌంటర్ స్టాఫ్‌కి ఎవరైనా నేర్పించారా అని నా డౌటు.

చట్టం చూస్తే, 2000లో వచ్చిన ఐటీ యాక్ట్ 5వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సంతకానికి చేతి సంతకంతో సమానంగా గుర్తింపు ఇచ్చింది. వీలునామా లాంటి కొన్నిటికి ఇప్పటికీ కుదరదు, అది వేరే సంగతి. ఆధార్ ఓటీపీతో ఈ-సైన్ కూడా 2015 నుంచి ఉంది. కానీ అదే యాక్ట్‌లో 9వ సెక్షన్ ఒకటుంది చూడండి, ఎలక్ట్రానిక్ రూపంలో ఇస్తే తీసుకోవాల్సిందేనని ఏ ప్రభుత్వ శాఖనీ పట్టుబట్టే హక్కు మనకి ఇవ్వలేదు. అందుకే కౌంటర్ దగ్గర ఎంత వాదించినా లాభం లేదు, తీసుకోండి అని పైనుంచి ఆర్డర్ రావాలి. మీసేవలో ఏళ్ల తరబడి మనకి డిజిటల్ సంతకంతో సర్టిఫికెట్లు ఇస్తున్న ప్రభుత్వం, మనం అదే సంతకంతో ఇస్తే తీసుకోకపోవడం ఏం న్యాయం?

అలాగని మన జనం జాగ్రత్తగా ఉన్నారనీ అనను. జీఎస్టీ ఫైలింగ్ కోసమని డిజిటల్ సంతకం టోకెన్‌ని, అంటే సంతకం పెట్టడానికి వాడే పెన్‌డ్రైవ్ లాంటిదాన్ని, పిన్‌తో సహా ఆడిటర్ దగ్గరే వదిలేసే వ్యాపారులు బోలెడుమంది, ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇచ్చినట్టే కదా అది. జిరాక్స్ షాపుల్లో ఆధార్ ఓటీపీ అందరికీ వినపడేలా చదివేవాళ్లయితే లెక్కే లేదు.

రాష్ట్ర ప్రభుత్వం ఈ-సైన్ ఫైళ్లని ఫైళ్లుగానే తీసుకోమని అన్ని శాఖలకీ రాతపూర్వకంగా చెప్పాలి, ఆఫీసు కంప్యూటర్లలో ఆ ట్రస్ట్ సెట్టింగ్ చేయించాలి. ఆధార్‌కి ఫోన్ లింక్ లేని పెద్దవాళ్లకి మాత్రం పెన్ను సంతకం తీసేయకండి, వాళ్లకి ఓటీపీ రాదు మరి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్