వార్షిక నివేదిక: ఆగిన మీటర్లు, మళ్లీ కదిలిన అంకెలు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

చెన్నైలో పాత కార్లను ప్రాణంగా చూసుకునే తెలుగువాళ్లం కలిసి నడుపుకుంటున్న మన సంఘం ఈ ఏడాది చేసిన పనులను కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను. ఉగాది కలయిక, మహాబలిపురం డ్రైవ్ ఎప్పటిలాగే బాగా జరిగాయి. యాభై ఏళ్లు దాటిన కార్లకు 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 'వీఏ' వరుస నంబరు తీసుకోవాలనుకున్న సభ్యులకు కాగితాల పనిలో సాయం చేశాం. జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో విడిగా జతచేశాం. ఇక ఈసారి ఎక్కువ చోటు, కారు నడిచిన మొత్తం దూరాన్ని అంకెల్లో చూపే ఓడోమీటర్ల మరమ్మతుకే ఇస్తున్నాను. మన సంఘం చేయాల్సిన అసలు పని ఇలాంటిదేనని నా గట్టి నమ్మకం.

వేళచ్చేరిలో ఉండే మన సభ్యుడి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌తో ఇది మొదలైంది. 2023 డిసెంబరు తుపానులో ఆయన షెడ్డులోకి నీళ్లొచ్చాయి. ఇంజను బాగుపడింది, స్పీడోమీటర్ ముల్లూ లేస్తోంది, ఓడోమీటర్ అంకెలు మాత్రం కదలడం లేదు. గేర్‌బాక్స్ నుంచి మీటర్‌కు వచ్చి దాన్ని తిప్పే కేబుల్ మార్చమని చాలామంది చెప్పారు. ముల్లు లేస్తోందంటే కేబుల్ తిరుగుతున్నట్టే కదా! ముల్లు, అంకెలు రెండూ ఆగితే కేబుల్‌నో, గేర్‌బాక్స్ దగ్గరున్న చిన్న గేరునో చూడాలి. అంకెలొక్కటే ఆగితే లోపం మీటర్ లోపలే ఉంటుంది.

పాత కార్ల భాగాలమ్మే పుదుపేటలో స్టాండర్డ్ హెరాల్డ్ కారు మీటర్ దొరికితే పెట్టేద్దామన్న మాట కూడా వచ్చింది. హెరాల్డ్ 1961 నుంచి మన ఊళ్లో తయారైన కారు. స్పిట్‌ఫైర్ 1962లో ఆ హెరాల్డ్ చాసీ (కింది చట్రం) ఆధారంగానే వచ్చింది. రెండింటి రూపమూ ఇటలీకి చెందిన డిజైనర్ మికెలోట్టిదే. అంత దగ్గరి చుట్టాలైనా మీటర్ కలవాలని లేదు. స్మిత్స్ కంపెనీ మీటర్ డయల్ మీద కింద సన్నగా ఒక అంకె ఉంటుంది. మైలుకు కేబుల్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె అది. వెనక యాక్సిల్ గేర్ల నిష్పత్తి వేరైతే అదీ మారుతుంది. అందుకే ఉన్న మీటర్‌నే బాగుచేయించాలని నిర్ణయించాం.

ప్యారిస్ కార్నర్ దగ్గర గడియారాలు బాగుచేసే నెల్లూరు పెద్దాయన ఒకరు ఈ పనికి ఒప్పుకున్నారు. చుట్టూ ఉన్న రింగును మెల్లగా తిప్పి, గాట్లు ఎదురెదురుగా రాగానే దాన్ని, అద్దాన్ని ఊడదీశారు. ముల్లును, దాని సన్నటి స్ప్రింగును ముట్టుకోనే లేదు. కేబుల్ తిప్పే ఇరుసు మీద మరలాంటి గాడి ఉంటుంది. అది ఒక చిన్న పళ్ల చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఒక కొక్కేన్ని ముందుకూ వెనక్కూ ఆడిస్తుంది. కొక్కెం ఒక్కో పన్ను నెడుతుంటే అంకెలు జరుగుతాయి. ఈ కారులో పాత గ్రీజు బంకలా గట్టిపడి కొక్కేన్ని పట్టేసింది. దాని స్ప్రింగు తుప్పు పట్టి తెగిపోయింది. ఆయన భూతద్దం కళ్లకు పెట్టుకుని, సన్నని తీగను వంచి కొత్త స్ప్రింగు చేశారు. గేర్లను బ్రష్షుతో తుడిచారు గానీ, అంకెల చక్రాలకు థిన్నర్ తగలనివ్వలేదు. తగిలితే అంకెల రంగు ఊడిపోతుంది.

పని జరుగుతుండగా పక్కనున్న ఒక మెకానిక్ "సార్, ఎలాగూ విప్పాం కదా, రీడింగ్‌లో ఓ ముప్పై వేలు తగ్గించి పెట్టమంటారా?" అని అడిగాడు. మన సభ్యుడు వెంటనే వద్దన్నారు. ఆయనకు కార్యవర్గం అభినందనలు. రీడింగ్ తగ్గించడమంటే రేపు ఆ కారు కొనేవాడిని మోసం చేయడమే. ఆగిన రీడింగ్‌నే ఉంచి, మరమ్మతు తేదీతో సహా కారు పుస్తకంలో రాయించాం. మీటర్ ఆగి ఉండగా నడిచిన దూరం తెలియదని కూడా అందులోనే రాశాం. ఇకపై సంఘం ద్వారా జరిగే ప్రతి మరమ్మతుకూ ఇదే పద్ధతి.

మీటర్ బిగించే ముందు దాని డయల్ మీది అంకె ఈ కారుకు సరిపోతుందో లేదో అపార్ట్‌మెంట్ ఆవరణలోనే చూశాం. కేబుల్ కొసకు అట్టముక్కతో చేసిన బాణం గుచ్చి, చక్రాలు ఆరు చుట్లు తిరిగేదాకా కారును నెట్టి, బాణం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. ఆ సంఖ్యను 1680తో హెచ్చవేసి, చక్రం నడిమి నుంచి నేల వరకు ఉన్న అంగుళాలతో భాగిస్తే మైలుకు చుట్లు వస్తాయి. ఉదాహరణకు 11 అంగుళాలకు ఏడు ముప్పావు చుట్లు వస్తే లెక్క దాదాపు 1184. పిల్లలు కూడా వచ్చి కారు నెట్టారు, బాణం మీద నుంచి చూపు తిప్పలేదు.

మరో సభ్యుడి పోర్షె 944లో కేబులే లేదు. మీటర్ లోపలి చిన్న మోటారు తిప్పే ప్లాస్టిక్ గేరు పెళుసై పళ్లు ఊడిపోయింది. కొత్త గేరు తెప్పించి వేశాం. ఆ కారున్నవాళ్లు బండి కదులుతుండగా ట్రిప్ మీటర్‌ను (ఒక్కో ప్రయాణం దూరం చూపేదాన్ని) సున్నా చేయవద్దు, ఆ గేరు మీద ఒత్తిడి పడుతుంది.

వచ్చే ఏడాది పెద్దాయన దగ్గర ఈ పని నేర్చుకోవడానికి ఇద్దరు యువ సభ్యులు ముందుకొచ్చారు. కావాల్సిన పనిముట్ల ఖర్చుకు సర్వసభ్య సమావేశం ఆమోదం కోరుతున్నాం. మీటర్ ఆగిన కార్లున్నవాళ్లు దాన్ని సొంతంగా విప్పకుండా, డయల్ మీది అంకె కనబడేలా ఫొటో తీసి కార్యదర్శికి పంపండి. కేబుల్‌కు గ్రీజు రాసేటప్పుడు మీటర్ వైపు చివర కొన్ని అంగుళాలు పొడిగానే వదిలేయండి, లేకపోతే గ్రీజు పైకి పాకి లోపలికి చేరుతుంది.