గ్రీకు రాజుల పేర్లు మన ఎర్రగుడి బండ మీద ఉన్నాయి

సంపాదకులకు నమస్కారం.

గ్రీసు యాత్ర మీద మీరు వేసిన వ్యాసం చదివి ఒక పాఠకుడు పోయిన వారం ఉత్తరం రాశారు. "లక్షలు పోసి విరిగిపోయిన స్తంభాలు చూసి రావడం ఏం సరదా, డబ్బు ఎక్కువైతే తప్ప" అన్నారు. ఆయన మాట పూర్తిగా కొట్టేయలేను. మనవాళ్లు చాలామంది అక్కడికి పోయి నిజంగానే విరిగిన స్తంభాలు మాత్రమే చూసి వస్తున్నారు, అది నేను కళ్లారా చూశాను. అయితే దానికి కారణం ఆ స్తంభాలేనా అన్నదే నా ప్రశ్న, అందుకే ఈ ఉత్తరం, కాస్త పొడుగైతే క్షమించాలి.

నాది గుత్తి. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి జర్మనీలో ఉద్యోగం చేస్తోంది కాబట్టి నేనూ మా ఆవిడా అటు పోయినప్పుడు ఆ వీసాతోనే గ్రీసు కూడా చూశాం. యూరప్‌లో చాలా దేశాలకు పనికొచ్చే షెంగెన్ వీసా చేతిలో ఉంటే గ్రీసుకు వేరే వీసా అక్కర్లేదు, ఇది తెలియక వదిలేసుకునేవాళ్లు ఉన్నారు.

ఏథెన్స్ గురించి ఎక్కువ రాయను, అందరూ రాసేదే. ఆక్రోపొలిస్ కొండ ఎక్కడానికి 2023 నుంచి రోజుకు 20 వేల మందినే రానిస్తున్నారు, ఏ గంటకు వస్తారో ముందే ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోవాలి. లక్షల మంది నడిచి పాలరాయి నున్నగా అరిగిపోయింది, చెప్పులతో పోతే జారి పడటం ఖాయం, బూట్లే వేసుకోవాలి. ఎండ మరీ మండితే మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేస్తారు. అనంతపురం మనిషికి నవ్వొస్తుంది గానీ నీడ లేని ఆ తెల్లరాతి మీద నిలబడి చూస్తే అర్థమవుతుంది. పార్థెనాన్ గుడిని క్రీ.పూ. 447లో మొదలుపెట్టి కట్టారు. రెండు వేల ఏళ్లు దాటినా నిలిచిన ఆ గుడిలో టర్కీవాళ్లు తుపాకి మందు దాచిపెట్టారు, 1687లో వెనిస్ సైన్యం వేసిన గుండు దాని మీద పడింది, ఒక్కసారిగా పేలిపోయింది. మిగిలిన శిల్పాల్లో మంచివి లార్డ్ ఎల్గిన్ అనే బ్రిటిష్ రాయబారి ఊడబెరికించి ఇంగ్లండుకు పంపించాడు. కొండ కింద 2009లో తెరిచిన కొత్త మ్యూజియంలో అసలు శిల్పాల పక్కనే, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉండిపోయిన వాటి చోట తెల్లటి ప్లాస్టర్ నకళ్లు పెట్టారు. ఏది తమ దగ్గర ఉందో, ఏది పోయిందో చెప్పకుండానే చెప్పినట్టు. మన అమరావతి స్తూపం పలకలు కూడా అదే బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి కాబట్టి అక్కడ నాకు కాసేపు కాలు కదల్లేదు. అదే సమయంలో ఒక ప్యాకేజీ టూర్ వాళ్లు, తెలుగువాళ్లే, "ఇంకేముందప్పా ఇక్కడ చూసేదానికి" అనుకుంటూ బయటికి పోతున్నారు. వాళ్లను అని ఏం లాభం, బస్సు దిగేటప్పుడు వాళ్లకు ఒక్క ముక్క చెప్పినవాళ్లు లేరు.

నేను అసలు చెప్పాలనుకున్నది డెల్ఫీ గురించి. ఏథెన్స్ నుంచి 180 కిలోమీటర్ల దాకా ఉంటుంది, మామూలు బస్సులో ఓ మూడు గంటలు. పర్నాసస్ కొండ వాలులో ఉంది. వెనక నిట్టనిలువు బండలు, కింద లోయ పొడుగునా సముద్రం దాకా ఆలివ్ తోటలు. అపోలో దేవుడి గుడి అది, అందులో పూనకంతో జోస్యం చెప్పే పూజారిణి ఉండేది, యుద్ధానికి పోయే రాజు కూడా ముందు ఆమెనే అడిగేవాడు. ఇది చాలామందికి తెలిసిన కథే.

తెలియని కథ ఒకటి మా గైడ్ చెప్పింది. 1892లో ఫ్రెంచివాళ్లు తవ్వకం మొదలుపెట్టే నాటికి ఆ గుడి మీద కాస్త్రి అనే పల్లె ఉండేది. ఇళ్లు, వీధులు, చర్చి అన్నీ గుడి రాళ్ల మీదే. ఊరు మొత్తాన్ని లేపి అవతలికి మార్చి, అప్పుడు తవ్వారు. ఊళ్లో వాళ్లు ఊరికే ఒప్పుకోలేదట, గొడవలు జరిగాయట. ఇది వింటే కర్నూలు జిల్లా వాళ్లకు వేరే ఊళ్లు గుర్తొస్తాయి. శ్రీశైలం డ్యాం నీళ్లలో మన ఊళ్లూ పోయాయి, గుళ్లూ పోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తెచ్చి కట్టారు, రూపాల సంగమేశ్వరాలయాన్ని కర్నూలు జగన్నాథ గట్టు మీదికి తెచ్చారు. అక్కడ గుడి కోసం ఊరు జరిగింది, ఇక్కడ నీళ్ల కోసం ఊరూ గుడీ రెండూ జరిగాయి. జగన్నాథ గట్టు మీదికి సాయంత్రం షికారుకు పోయేవాళ్లలో ఈ సంగతి ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

డెల్ఫీలో అపోలో గుడి కింద మట్టం జారిపోకుండా కట్టిన ఒక గోడ ఉంది. ఏ రెండు రాళ్లకూ సైజు పొంతన లేదు, ఒక రాయి వంపులో ఇంకో రాయి వంపు సరిగ్గా కూర్చునేట్టు చెక్కి సున్నం లేకుండా పేర్చారు. గుత్తి కోట కింద పుట్టి పెరిగిన నేను రాతి గోడ చూసి నోరు తెరిచే రకం కాదు, అయినా ఆగాను. దగ్గరికి పోతే గోడంతా చిన్న చిన్న అక్షరాలు. ఏ రాజు గొప్పలో అనుకుంటాం. కావు, బానిసలను విడిచిపెట్టిన పత్రాలు! ఎనిమిది వందలకు పైగా ఉన్నాయి. పద్ధతి ఏమిటంటే, బానిసకు సొంతంగా ఒప్పందం చేసుకునే హక్కు లేదు కాబట్టి యజమాని ఆ మనిషిని అపోలోకు అమ్మినట్టు రాసేవాళ్లు. డబ్బు మాత్రం ఆ మనిషి కూడబెట్టుకున్నదో, ఎక్కడో తెచ్చుకున్నదో. ఇక దేవుడి పేరు మీద ఉన్నాడు కాబట్టి మళ్లీ ఎవరూ పట్టుకుపోవడానికి వీల్లేదు. అమ్మిందెవరు, విడుదలైందెవరు, ఆడా మగా, ఏ దేశపు మనిషి, ధర ఎంత, సాక్షులెవరు, అన్నీ రాతి మీద, పదిమందీ నడిచే దారి పక్కన ఎక్కించారు. కొన్నిట్లో మెలిక కూడా ఉంది, యజమాని బతికున్నంత కాలం అతని దగ్గరే ఉండి పని చేయాలి, ఆ తర్వాతే పూర్తి విడుదల. డబ్బు కట్టించుకుని మళ్లీ చాకిరీ. ఇది చదివాక పైన ఉన్న గుడి, దాని ఆరు స్తంభాలు, ఐదు వేల మంది కూర్చునే థియేటర్, మ్యూజియంలో కంచు రథసారథి విగ్రహం, అన్నీ బాగున్నాయి గానీ నాకు ఆ గోడే మిగిలింది. బస్సులో వచ్చినవాళ్లు దాని ముందు సెల్ఫీ తీసుకుని పైకి పోతున్నారు, వీపు గోడ వైపు.

ఇప్పుడు ఎర్రగుడికి వస్తాను.

ఆ గోడ మీద రాతలు మొదలవడానికి ఓ అర్ధ శతాబ్దం ముందే, గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడు శాసనాలు చెక్కించాడు. 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటబడే దాకా అవేమిటో బయటి ప్రపంచానికి తెలియదు. పద్నాలుగు పెద్ద శాసనాలూ అక్కడ ఉన్నాయి, వాటితో పాటు చిన్న శాసనం కూడా ఉంది. రెండు రకాలూ ఒకే చోట ఉండటం అరుదు. పదమూడోది కళింగ యుద్ధం గురించి, లక్ష మంది చచ్చారు, లక్షన్నర మందిని పట్టుకుపోయాం, నాకు బాధగా ఉంది అని ఆ రాజు తనే చెప్పుకున్నది. ధర్మంతో గెలవడమే అసలు గెలుపు అని చెప్తూ అది ఎంతవరకు చేరిందో రాయించాడు. అంతియోక అనే యవన రాజు, ఆయన అవతల తురమాయ, అంతికిని, మక, అలికసుదర. ఇవన్నీ గ్రీకు రాజుల పేర్లు. సిరియా వైపు ఏలిన అంతియోకస్, ఈజిప్టును ఏలిన టాలెమీ, మాసిడోనియా రాజు అంటిగోనస్, ఆఫ్రికా ఒడ్డున సైరీన్ రాజు మగస్, అలెగ్జాండర్ అనే మరో రాజు (ఈయన ఎపిరస్ రాజా, కొరింత్ ఏలినవాడా అని పండితుల్లో వాదం ఉంది, మనవాళ్లు అనుకునే దండయాత్రల అలెగ్జాండర్ మాత్రం కాదు, ఆయన అప్పటికే పోయి చాలా ఏళ్లయింది). అదే శాసనంలో చోళులు, పాండ్యులు ఉన్నారు, ఆంధ్రులు కూడా ఉన్నారు. ఆంధ్రుల పేరూ, మాసిడోనియా రాజు పేరూ ఒకే శాసనంలో! నేను క్లాసులో ఏళ్ల తరబడి చెప్పిన పాఠమే, డెల్ఫీ చూసొచ్చాక చదివితే మాత్రం ఒళ్లు జలదరించింది.

ఇంకా ఉంది. ఆ 12, 13 శాసనాల భాగాలు గ్రీకు భాషలో కాందహార్‌లో దొరికాయి. అటు నుంచి కూడా మాటలు వచ్చాయి. డెల్ఫీ గుడిలోని సూక్తులను క్లియార్కోస్ అనే ఆయన జాగ్రత్తగా నకలు తీసుకుని, అంత దూరం మోసుకొచ్చి, అఫ్ఘనిస్తాన్‌లోనే ఆము దరియా నది ఒడ్డున ఐ ఖానుమ్ అనే గ్రీకు పట్నంలో రాతి మీద ఎక్కించాడు. చిన్నప్పుడు అణకువగా ఉండు, యవ్వనంలో నిన్ను నువ్వు అదుపులో పెట్టుకో, నడివయసులో న్యాయంగా ఉండు, ముసలితనంలో మంచి సలహా చెప్పు, చనిపోయేటప్పుడు దుఃఖం లేకుండా పో, అని అందులో చివరి మాటలు. ఎర్రగుడి చిన్న శాసనమేమో తల్లిదండ్రుల మాట వినండి, పెద్దలను గౌరవించండి అంటుంది. ఆ చిన్న శాసనం రాసిన తీరు కూడా చూడాల్సిందే. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు, సాలు చివర మడక తిప్పుకొచ్చినట్టు. పాతకాలం గ్రీకులు కూడా ఇట్లా రాశారు, క్రీట్ దీవిలో గోర్టిన్ దగ్గర ఒక గోడ మీద వాళ్ల చట్టమంతా ఇదే పద్ధతిలో ఉంది. మనకు వాళ్లు నేర్పారా, చెక్కినాయన సరదాగా చేశాడా అని నన్ను అడగొద్దు, పండితులు తేల్చుకోవాలి.

గ్రీసు నుంచి వచ్చాక మేం నలుగురం రిటైరైన టీచర్లం ఎర్రగుడి పోయాం. ఆదివారం, అయినా మేం తప్ప ఎవరూ లేరు. మేకలు తోలుకొచ్చిన ఒక పెద్దాయన "ఏం సార్, రాతలు చూసేదానికొస్తిరా" అని అడిగి, ఏ బండ మీద అక్షరాలు ఏ వేళకు బాగా కనపడతాయో తనే చూపించాడు. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడే స్పష్టంగా ఉంటాయట, నడినెత్తిన సూర్యుడు ఉంటే అక్షరం బండలో కలిసిపోతుంది. నాకు తెలిసిన ఏ పుస్తకంలోనూ ఈ మాట లేదు. అంతియోకుడి సంగతి ఆయనకు నేను చెప్పాను. "ఆ కాలానికే అంత దూరం సంబంధాలా సార్" అని ఆ బండ కేసి తిరిగి చూసి, మేకలు పక్క చేలో పడుతున్నాయని పరుగెత్తాడు.

కాబట్టి ఆ ఉత్తరం రాసిన పాఠకుడికి నా మనవి, మీరు గ్రీసు పోనక్కర్లేదు, లక్షలూ పోయనక్కర్లేదు. పోగలిగినవాళ్లు మాత్రం ఏథెన్స్‌లో ఫొటోలు దిగి సాంటోరినీ దీవికి ఓడ ఎక్కేయకుండా డెల్ఫీలో ఒక రాత్రి ఉండండి, పొద్దున్నే గేటు తెరిచే వేళకు పోతే టూరు బస్సులు రాకముందే కొండంతా ప్రశాంతంగా చూసుకోవచ్చు. మంచి గైడ్‌కు డబ్బులు ఇవ్వడానికి వెనకాడొద్దు, మన దగ్గర పొదుపు చేసేది సరిగ్గా అక్కడే. రాళ్లను తాకితే, ఎక్కి కూర్చుంటే కాపలావాళ్లు విజిల్ ఊదుతారు, విగ్రహం పక్కన దానిలాగే నిలబడి ఫొటో దిగినా ఒప్పుకోరు. తిండికి ఇబ్బంది లేదు, శాకాహారులకు పాలకూర పై, అన్నం కూరిన టమాటాలు, పెద్ద చిక్కుడు గింజల కూర దొరుకుతాయి. మా ఆవిడ మాత్రం చెనిక్కాయల పొడి లేకుండా ఒక్క పూట గడపలేదు.

మీకు, సంపాదకులకు, ఒక విన్నపం. కర్నూలు, అనంతపురం జిల్లా ఎడిషన్లలో ఒక ఆదివారం సగం పేజీ ఇచ్చి పదమూడో శాసనం మొత్తాన్ని తేలిక తెలుగులో వేయండి, ఏ బండ మీద ఏ శాసనం ఉందో చిన్న పటం గీయించండి. ఆ శాసనాల బ్రాహ్మీ లిపి చదవడం రాని మాబోటివాళ్లు అక్కడ నిలబడి చేతిలో కాగితం పెట్టుకుని చదువుకుంటాం. గుత్తి, పత్తికొండ బడుల టీచర్లకు అది ఎంత పనికొస్తుందో నాకు తెలుసు. అనువాదం సరిచూడటానికి చరిత్ర అధ్యాపకులు మన రెండు జిల్లాల యూనివర్సిటీల్లోనే దొరుకుతారు. డిసెంబరులోపు వేస్తే మంచిది, ఆ తర్వాత పరీక్షల టెన్షన్, ఆపైన ఎండలు, పిల్లలను ఎవరూ బయటికి కదిలించరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
గుత్తి, అనంతపురం జిల్లా