సల్సా డాన్స్ ప్రాక్టీస్ శనివారం కాదు, సోమవారం

అందరికీ నమస్తే!

ఈ శనివారం నేను ఉండను. పైథాన్ ప్రోగ్రామింగ్ కాన్ఫరెన్స్‌కి వెళ్తున్నాను, ఆదివారం రాత్రికి గానీ తిరిగి రాను. అందుకని ప్రాక్టీస్ సోమవారం సాయంత్రం 6:30కి, ఎప్పటి హాల్లోనే.

వచ్చేవాళ్ళు రేపు రాత్రిలోగా ఇక్కడే "వస్తాను" అని పెట్టండి. జంటలు సరిపోవాలి కదా.

ఈలోపు ఇంట్లో చేయాల్సింది బేసిక్ స్టెప్ ఒక్కటే. 1, 2, 3కి అడుగులు, 4కి ఆగాలి. 5, 6, 7కి అడుగులు, 8కి ఆగాలి. ఆగాల్సిన చోటే మనలో చాలామంది తొందరపడుతున్నారు. కోడ్ రాసే అలవాటుతో సున్నా నుంచి లెక్కపెడతామంటే కుదరదు! ముందు పాట లేకుండా చేయండి, తర్వాత నెమ్మది పాటతో. నిమిషానికి 180 బీట్లు దాటే పాటల జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు.

రన్నింగ్ షూస్ వద్దు. రబ్బరు సోల్ నేలని పట్టేస్తుంది, తిరిగేటప్పుడు మోకాలు మెలిపడుతుంది. నున్నటి సోల్ ఉన్నవి వేసుకురండి.

కాన్ఫరెన్స్‌లో నాది లైట్నింగ్ టాక్, అంటే 5 నిమిషాల చిన్న ప్రసంగం. స్లైడ్లు ఇంకా పూర్తి కాలేదు, ఆ టెన్షన్ వేరే ఉంది. కాబట్టి కాల్ చేయకుండా మెసేజ్ పెట్టండి, వీలు చూసుకుని జవాబిస్తాను.

మరిచిపోవద్దు: హాల్ తాళం ఉన్నవాళ్ళు సోమవారం 6:15కే వచ్చేయండి, ప్లీజ్.