శీనుగాడికి, టర్బో సంగతి

పుణె,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ మొత్తం విన్నాను. పిల్లల పరీక్షలు ఎలా అయ్యాయో, చెల్లెమ్మ కొత్త ఉద్యోగంలో చేరిందో లేదో ఒక్క ముక్క చెప్పలేదు గానీ, టర్బో, అదే ఎగ్జాస్ట్ జోరుతో తిరిగి ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని నొక్కి పంపే ఆ పంపు, పెద్దది పెట్టించాలా అని మాత్రం ఊపిరి తీసుకోకుండా వాయించావు. ఫోన్లో చెబుదామంటే ప్రతి వాక్యానికీ అడ్డు తగులుతావు. అందుకే ఉత్తరం. టీ పెట్టుకుని తీరిగ్గా చదువు.

ముందే తేల్చేస్తున్నాను. నీ స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 230కి ఐఎస్38 టర్బో చాలు. ఆ గ్యారేజీ కుర్రాడు ఊరిస్తున్న పెద్ద టర్బో, గారెట్ జి25-660, వద్దు. టర్బో మార్చకుండా ఉన్నదానికే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి ట్యూన్ చేయించుకుని ఊరుకుంటానన్నా నాకు అభ్యంతరం లేదు కానీ, నువ్వు ఊరుకోవని తెలుసు.

ఆ పెద్ద టర్బోతో వస్తుందన్న 500 హార్స్‌పవర్ అనే అంకె నీకు నచ్చింది. ఆ 500 ఎప్పుడొస్తుంది? 6500 ఆర్‌పీఎం దగ్గర, పెడల్ నేలకు ఆనించినప్పుడు. నువ్వు రోజూ ఉప్పల్ నుంచి గచ్చిబౌలి వెళ్తావు. సిగ్నళ్ళ మధ్య నీ ఇంజిన్ 1500కీ 2500కీ మధ్య తిరుగుతుంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఆరో గేర్లో వంద స్పీడుకు ఆర్‌పీఎం రెండు వేలకు కాస్త అటూ ఇటూ. అక్కడ లిమిటే 120. ఏడాదికి ఒకటో రెండో సార్లు చెన్నై వెళ్ళి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో తిప్పుతావు. అక్కడైనా నువ్వు పరుగెత్తేది 4000 నుంచి 6500 మధ్య. ఎందుకంటే 6500 దాకా లాగి పై గేరుకు వెళ్తే నీ ఆరు గేర్ల ఆటోమేటిక్ డీఎస్‌జీలో ఆర్‌పీఎం పడేది 4000, 4500 ప్రాంతానికే. కాబట్టి నీకు కావలసినవి రెండు. ఊళ్ళో రెండు వేల దగ్గర పికప్ చావకూడదు, ట్రాక్‌లో ఐదు వేలు దాటాక ఇంజిన్‌కు ఆయాసం రాకూడదు. శిఖరం మీద ఒక్క అంకె కాదు, ఏ ఆర్‌పీఎంలో ఎంత పవరో చూపే గ్రాఫు కింద ఉన్న మొత్తం వైశాల్యం చూడు.

కంపెనీవాళ్ళ అంకెల్లోనే ఈ కథంతా ఉంది. నీ బండిలో ఉన్నది ఐహెచ్ఐ వాళ్ళ ఐఎస్20. 350 ఎన్ఎం టార్క్, అంటే తిప్పే బలం, 1500 నుంచి 4600 వరకూ బల్లపరుపుగా ఉంటుంది, తర్వాత జారుతుంది. అదే ఈఏ888 ఇంజిన్ కుటుంబంలో గోల్ఫ్ ఆర్‌కు ఐఎస్38 పెట్టారు. అందులో 380 ఎన్ఎం 1800 నుంచి 5500 వరకూ, పవర్ 300 పీఎస్. అంటే కింద 300 ఆర్‌పీఎం ఆలస్యం, పైన 900 ఆర్‌పీఎం లాభం. ఇంత మంచి బేరం టర్బోల్లో అరుదు. ఆర్ ఇంజిన్‌లో ఇంకొన్ని తేడాలున్నాయి, సిలిండర్ గాలిని నొక్కే నిష్పత్తి, అదే కంప్రెషన్, 9.6 కాకుండా 9.3, కాబట్టి నీకు అచ్చం అదే గ్రాఫు రాదు. కానీ దారి అదే.

ఇక్కడ రెండు విషయాలను జనం ఒకటిగా కలిపేస్తారు, నువ్వు కూడా కలిపేశావు. ఏ ఆర్‌పీఎం నుంచి టర్బో పూర్తి బూస్ట్, అంటే గాలి ఒత్తిడి, ఇవ్వగలదన్నది ఒకటి. అంతకంటే పైనే ఉండి పెడల్ తొక్కినప్పుడు బూస్ట్ రావడానికి ఎంతసేపు పడుతుందన్నది ఇంకొకటి. రెండోదే అసలైన ల్యాగ్. 1800 దగ్గర తొక్కి 'ల్యాగ్ ఉంది' అనడం అన్యాయం, అక్కడ టర్బోకు సరిపడా ఎగ్జాస్ట్ లేదు. 3500 దగ్గర తొక్కి, మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టుకునే దాకా కదలకపోతే అది ల్యాగ్. ఓవర్‌టేక్ మధ్యలో ప్రాణం మీదికి తెచ్చేది అదే.

ఆ ఆలస్యానికి కారణం టర్బో లోపలి చక్రం బరువు. కాలేజీలో జడత్వ భ్రామకం గుర్తుందా? ఆ పేపరు నా దాంట్లో చూసి రాశావు కాబట్టి నీకు గుర్తుండదులే. ఒకే ఆకారం, ఒకే లోహం అనుకుంటే, చక్రం తిరగడానికి చూపే మొండితనం వ్యాసానికి ఐదో ఘాతంలో పెరుగుతుంది. వ్యాసం 10 శాతం పెంచితే మొండితనం 61 శాతం పెరుగుతుంది. జి25-660లో గాలిని నొక్కే కంప్రెసర్ చక్రం బయటి వ్యాసం 67 మిల్లీమీటర్లు, దాని తమ్ముడు జి25-550లో 60. చూడ్డానికి ఏడు మిల్లీమీటర్లే, కానీ ఆ లెక్కన మొండితనం దాదాపు 74 శాతం పెరుగుతుంది. బాల్ బేరింగ్ ఉంది కదా అంటావు. ఉంది, రాపిడి తగ్గుతుంది, లేవడంలో తేడా తెలుస్తుంది. కానీ బేరింగ్ చక్రం బరువును తగ్గించదు.

ఎగ్జాస్ట్ తిప్పే టర్బైన్ చక్రం వైపు, దాని హౌసింగ్ ఎంత ఇరుకో చెప్పే ఏ/ఆర్ అనే అంకె కూడా అడిగావు. నీళ్ళ పైపు చివర బొటనవేలు అడ్డంపెడితే ధార జోరుగా చిమ్ముతుంది చూడు, చిన్న ఏ/ఆర్ హౌసింగ్ అలాంటిది. ఎగ్జాస్ట్‌ను ఇరుకు చేసి వేగంగా చక్రం మీదికి కొడుతుంది కాబట్టి తొందరగా లేస్తుంది. కానీ పైకి వెళ్ళేకొద్దీ ఆ ఇరుకే గొంతు నొక్కుతుంది. ఎగ్జాస్ట్ వెనక్కి తన్ని సిలిండర్లో మిగిలిపోతుంది, వేడి పెరుగుతుంది, ఇంధనం అదుపు తప్పి పేలే నాకింగ్ మొదలవుతుంది, ఇంజిన్ కంప్యూటర్ ఈసీయూ స్పార్క్ టైమింగ్ తగ్గించేస్తుంది, పవర్ పోతుంది. జి25కి 0.49, 0.72, 0.92 దొరుకుతాయి. నీ కుర్రాడు చెప్పిన 0.92ను రెండు లీటర్ల ఇంజిన్‌కు ఊళ్ళో వాడే బండిలో పెట్టడం ఏం ధైర్యమో నాకు అర్థం కాలేదు. డీజిల్ బండ్లలో కదిలే రెక్కలున్న వీజీటీ టర్బో పెట్టి ఈ ఇరుకును నడుస్తుండగానే మార్చుకుంటారు కదా, పెట్రోల్‌లో ఎందుకు అరుదంటావేమో. పెట్రోల్ ఎగ్జాస్ట్ వేడికి ఆ కదిలే రెక్కలు తట్టుకోవడం కష్టం. 2006లో పోర్షె 911 టర్బోలో పెట్టింది, ధర సంగతి నీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు లెక్క చేద్దాం, ఎందుకంటే కంప్రెసర్‌ను లెక్కతోనే ఎంచుకోవాలి. నీ ఇంజిన్ 1984 సీసీ. 6000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి సుమారు 5.65 ఘనపు మీటర్ల గాలి మింగుతుంది, సిలిండర్లు 95 శాతం నిండుతాయనుకుంటే. సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌లో బయటి గాలితో కలిపి 2.2 బార్ అసలు పీడనం, గాలి వేడి 50 డిగ్రీలు అనుకో. అది నిమిషానికి 13.4 కిలోలు, పౌండ్లలో దాదాపు 30. నిమిషానికి పౌండు గాలికి పది హార్స్‌పవర్ అని మా దగ్గర మోటు లెక్క. అంటే 300. ఇంకాస్త బూస్ట్ పెంచితే 350, 380 దాకా ఐఎస్38 లాగుతుంది. ఇక జి25-660 పేరులోనే 660 ఉంది, అది దాని హార్స్‌పవర్ సత్తా. 380కి దాన్ని వాడితే దాని సత్తాలో సగం కంటే కాస్త ఎక్కువే వాడినట్టు. మిగతా సగాన్ని నువ్వు ప్రతి సిగ్నల్ దగ్గరా మోస్తూ తిరుగుతావు. పైగా పెద్ద కంప్రెసర్‌తో తక్కువ ఆర్‌పీఎంలో బలవంతంగా బూస్ట్ తీస్తే కంప్రెసర్ గ్రాఫులో ఎడమవైపు, గాలి నిలకడ తప్పే సర్జ్ గీత దగ్గరికి చేరతావు. గాలి వెనక్కి తన్ని, షాఫ్టు ఊగి, బేరింగ్ అరుగుతుంది.

హైదరాబాద్ వాళ్ళు మర్చిపోయేది ఇంకొకటుంది. నువ్వు సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నావు. బయటి పీడనం 0.95 బార్ అటూ ఇటూ, ఫిల్టర్ దగ్గర కొంచెం పోతే 0.93. నీ ఈసీయూ అడిగేది అసలు పీడనం, అదే 2.2 కావాలంటే టర్బో గాలిని 2.37 రెట్లు నొక్కాలి. చెన్నైలో అదే పని 2.2 రెట్లతో అయిపోతుంది. అందుకే చెన్నైలో నీ బండి హుషారుగా అనిపించి, ఇంటికొచ్చాక నీరసపడుతుంది. అక్కడ పవర్ కొలిచే డైనో ఎక్కించి తెచ్చుకున్న కాగితాన్ని ఇక్కడ నమ్ముకోకు.

పెద్ద టర్బోనే మగతనం అనుకునేవాళ్ళకు నేనెప్పుడూ ఫ్రెంచ్ కంపెనీ రెనో కథ చెబుతుంటాను. 1977లో ఫార్ములా వన్‌లోకి మొదటి టర్బో కారు వాళ్ళదే. ఒకే పెద్ద టర్బో. పవర్‌కు కొదవ లేదు, కానీ మలుపు నుంచి బయటికొచ్చి తొక్కితే ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఇంజిన్లు పొగలు కక్కుతుంటే ఇంగ్లీషువాళ్ళు దాన్ని పసుపు టీ కెటిల్ అని వెక్కిరించారు. 1979లో ఆ ఒక్కదాన్ని తీసేసి రెండు చిన్న టర్బోలు పెట్టారు. ఆ ఏడాది జులై 1న ఫ్రాన్స్‌లోని డిజాన్‌లో రెనో డ్రైవరు జాబుయీ గెలిచాడు, ఫార్ములా వన్‌లో టర్బో కారుకు అదే మొదటి గెలుపు. కేవలం టర్బో వల్లే అని అననుగానీ, రేసువాళ్ళే పికప్ కోసం చిన్న చక్రాలకు దిగొచ్చారంటే నీకూ నాకూ ఏం పొగరు?

ఇంకో మాట, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకు. నీది ముందు చక్రాలు లాగే బండి. గోల్ఫ్ ఆర్‌కు నాలుగు చక్రాలూ లాగుతాయి, నీకు ఆ సుఖం లేదు. మొదటి రెండు గేర్లలో ఇప్పుడున్న 350 ఎన్ఎంకే టైరు గీరుకుంటోంది. ఇక ఇంజిన్ లోపల పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్‌ను వంచేది హార్స్‌పవర్ కాదు, కింది ఆర్‌పీఎంలో ఒక్కసారిగా మీదపడే టార్క్. చిన్న టర్బోను 2000 దగ్గర పిండితే ఇంధనం స్పార్క్ కంటే ముందుగానే మండిపోయే ప్రమాదం కూడా ఉంది, డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లకు ఇది తెలిసిన జబ్బు. అందుకే ట్యూన్ చేసేవాడితో గట్టిగా చెప్పు: 2500 లోపు బూస్ట్‌ను మెల్లగా ఎక్కించమను, మూడో గేరు నుంచే పూర్తిగా వదలమను. టార్క్ కొంచెం ఆలస్యంగా వచ్చి పైదాకా నిలబడితే గేర్‌బాక్స్ కూడా బతుకుతుంది.

టర్బో కంటే ముందు, నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మార్చు. మే నెలలో మన దగ్గర 42 డిగ్రీల్లో ఫ్యాక్టరీ ఇంటర్‌కూలర్ రెండు పరుగులకే వేడెక్కి చేతులెత్తేస్తుంది, అప్పుడు ఏ టర్బో పెట్టినా టైమింగ్ పోతుంది. టర్బో నుంచి ఎగ్జాస్ట్ తీసుకెళ్ళే డౌన్‌పైప్, స్పార్క్ ప్లగ్గులు ఎలాగూ తప్పవు. పెట్రోల్ విషయంలో, ట్యూన్ నీకు అన్ని బంకుల్లో దొరికే దానికే చేయించు. 100 ఆక్టేన్ కోసం నెల్లూరు దాకా వెతుక్కుంటూ పోలేవు. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వచ్చాక ఒక మెలిక కూడా ఉంది: ఇథనాల్ నాకింగ్‌ను ఆపుతుంది, కానీ అదే గాలికి సుమారు ఎనిమిది శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. అంటే ఇంధనం నెట్టే హై ప్రెషర్ పంపు మీద భారం. ఈసీయూ నుంచి రికార్డు చేసే లాగ్‌లో రైల్ ప్రెషర్, అంటే ఇంధనం పీడనం, పడిపోతోందేమో చూడకుండా బూస్ట్ పెంచొద్దు.

ఐఎస్38 అదే బోల్టులకు కూర్చుంటుంది. జి25కి అడాప్టరు, ఆయిల్ లైన్లు, కూలెంట్ లైన్లు, డౌన్‌పైప్ అన్నీ కొత్తగా కల్పించాలి, ఏ ఒక్క జాయింటు కారినా బండి నెల రోజులు గ్యారేజీలోనే. సెకండ్ హ్యాండ్ ఐఎస్38 దొరికిందన్నావు, అది తొలినాళ్ళ పార్టు అయితే కొనకు. ట్యూన్ చేశాక అవి ఎగిరిపోయాయని ఓనర్లు చాలామంది చెప్పుకున్నారు. కొత్త రివిజన్ నంబరు చూసి తీసుకో. ఎక్కువైన ఎగ్జాస్ట్‌ను పక్కకు వదిలే వేస్ట్‌గేట్‌ను నడిపేది ఎలక్ట్రిక్ మోటారు కాబట్టి బిగించాక దాన్ని ఈసీయూకు పరిచయం చేసే అడాప్టేషన్ చేయించడం మరిచిపోనివ్వకు.

డైనో కాగితం చూపించినప్పుడు అడగాల్సినవి: ఏ గేర్లో తీశారు, ఎంతసేపు లాగారు. పై గేర్లో నెమ్మదిగా లాగితే టర్బోకు లేవడానికి టైం దొరుకుతుంది, ఎంత బద్ధకపు టర్బో అయినా గ్రాఫులో చురుగ్గా కనిపిస్తుంది. నాకు గ్రాఫు వద్దు. నువ్వు రెండో గేర్లో ఒకటి, మూడో గేర్లో ఒకటి, 2500 దగ్గర స్థిరంగా ఉండి ఒక్కసారిగా తొక్కి లాగ్ తియ్యి. ఈసీయూ అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, మధ్య ఎంత టైం పట్టిందో చూపించేది అదొక్కటే. ఇప్పుడున్న ఐఎస్20తో ముందే తీసి పెట్టుకుంటే తర్వాత పోల్చుకోవచ్చు.

చట్టం సంగతి తొందరగా చెప్పేస్తా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాడు మొదట బానెట్ ఎత్తేది అందుకే. చెల్లెమ్మకు ఈ మాట నువ్వే చెప్పు, నా పేరు తేకు.

లాగ్ ఫైళ్ళు ఈ వారంలోనే పంపు, వచ్చే శనివారం నాకు సెలవు, కూర్చుని చూస్తాను. ఆ ఇంటర్‌కూలర్ అమ్మేవాడిని కోర్ మందం ఎంతో, ముందూ వెనకా పీడనం ఎంత పడుతుందో అడిగి అది కూడా రాయి. వాడికి తెలియకపోతే బేరం ఆపెయ్. పెద్దోడికి మ్యాథ్స్‌లో ఎన్ని వచ్చాయో కూడా ఈసారి చెప్పరా.

ఇట్లు,
నీ సత్తిగాడు