వ్యాయామం మానకు, వేడి సంగతి చూసుకో

అమ్మలూ,

వ్యాయామం మొదలుపెట్టిన పావుగంటకే ఒళ్లు భగ్గుమంటోందనీ, ముఖం ఎర్రబడి చెమటలు కారిపోతుంటే నలుగురిలో ఇబ్బందిగా ఉందనీ, అందుకే మానేద్దామనుకుంటున్నాననీ అన్నావు. మానెయ్యకు తల్లీ. ముట్లు ఆగిపోయే ఈ రోజుల్లో వ్యాయామం వదిలేస్తే పోయేది చాలా ఎక్కువ. ఈ ఆవిర్లు, అంటే ఒంట్లోంచి ఒక్కసారిగా ఇలా వేడి ఎగదన్నడం, ఎందుకొస్తాయో తెలిస్తే వాటిని దాటుకుంటూ ఎలా చేసుకోవచ్చో నీకే తడుతుంది.

ఒంటి వేడిని అదుపులో పెట్టేది మెదడులోని హైపోథాలమస్ అనే చిన్న భాగం. వేడి కొద్దిగా పెరిగినా తగ్గినా అది పట్టించుకోదు, అలా చూసీ చూడనట్టు వదిలేసే మేర ఒకటుంటుంది. ఆవిర్లు రాని స్త్రీలలో ఆ మేర సుమారు 0.4 డిగ్రీల సెల్సియస్ ఉంటుందని కొలిచారు. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గేసరికి అక్కడి నాడీకణాలు అతిగా చురుకవుతాయి, ఆవిర్లు వచ్చేవాళ్లలో ఆ మేర దాదాపు సున్నాకి పడిపోతుంది. అంచుదాకా నిండిన బిందె అనుకో, ఇంకో చెంబుడు పోస్తే పొర్లిపోతుంది. వ్యాయామం పోసేది ఆ చెంబుడే. కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు ముప్పాతిక వంతు వేడిగానే మారుతుంది. దాంతో మెదడు కంగారుపడి చర్మంలోని రక్తనాళాలను ఒక్కసారిగా విప్పి, చెమట పట్టిస్తుంది. గుండె నిమిషానికి 7 నుంచి 15 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. సాధారణంగా ఒకటి నుంచి ఐదు నిమిషాల్లో సర్దుకుంటుంది, ఆ వెంటనే ఒక్కోసారి వణుకు కూడా పుడుతుంది. అంటే నువ్వు శక్తికి మించి చేశావని కాదు, నీ గుండె బలహీనపడిందనీ కాదు.

ఇంకో మాట ముందే చెప్పాలి. వ్యాయామం చేస్తే ఆవిర్లు తగ్గిపోతాయని చాలామంది ఆశపెడతారు. అది ఖాయంగా తేలిన సంగతి కాదు. స్వీడన్‌లో 65 మందితో జరిగిన ఒక పరిశోధనలో మాత్రం, వారానికి మూడుసార్లు చొప్పున 15 వారాలు బరువులు ఎత్తినవాళ్లకు ఆవిర్లు దాదాపు సగానికి తగ్గాయి. చిన్న పరిశోధనే అయినా నాకు నచ్చింది, ఎందుకంటే బరువులు ఎలాగూ నీకు కావాలి. ఆఖరి ముట్టుకి ఏడాది ముందు నుంచి ఆ తర్వాత రెండేళ్ల దాకా వెన్ను ఎముక ఏటా 2 శాతానికి పైగా పలచబడుతుంది. ఎముక కోసం, కండ కోసం, గుండె కోసం, నిద్ర కోసం చెయ్యి. ఆవిర్లు తగ్గితే అది అదనపు లాభం అనుకో. వారానికి 150 నుంచి 300 నిమిషాలు మోస్తరు వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాల బలానికి అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క.

ఇక చేయాల్సింది: బిందెలో ముందే కాస్త జాగా చేసుకోవడం, పోసేది నిదానంగా పోయడం.

ఒంటి వేడి తెల్లవారుజామున అతి తక్కువగా, సాయంత్రం అతి ఎక్కువగా ఉంటుంది. కాబట్టి వీలైతే పొద్దున్నే చెయ్యి. బయల్దేరే ముందు 20, 30 నిమిషాల్లో 250 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా తాగు. ఎండగా ఉన్న రోజైతే మోచేతుల దాకా చేతులను చల్లటి నీళ్లలో పది నిమిషాలు ఉంచు. అరచేతుల్లో రక్తాన్ని నేరుగా చర్మం దగ్గరికి మళ్లించే ప్రత్యేకమైన నాళాలుంటాయి, అందుకే అక్కడ చల్లబరిస్తే వేడి త్వరగా బయటికి పోతుంది. ఐసుముక్క మాత్రం చర్మానికి నేరుగా ఆనించకు. చర్మం కందిపోవడమే కాదు, రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి లోపలే చిక్కుకుంటుంది. కాఫీ, మద్యం, బాగా కారంగా ఉన్న తిండి, వేడి వేడి పానీయాలు కొందరికి ఆవిర్లను రెచ్చగొడతాయి. అవి నీకు పడుతున్నాయో లేదో తెలిసేదాకా వ్యాయామానికి రెండు గంటల ముందు నుంచి ఆపి చూడు.

గాలి గురించి కాస్త ఎక్కువ చెబుతాను, అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. కారిపోయే చెమట ఒంటిని చల్లార్చదు, ఆరిపోయే చెమటే చల్లారుస్తుంది. ఒక లీటరు చెమట ఆరిందంటే సుమారు 580 కిలోకేలరీల వేడిని ఒంటి నుంచి లాక్కుపోతుంది, నేలమీద బొట్లుగా పడిందంటే దానివల్ల ఏమీ లేదు. గదిలో నిలబెట్టిన సైకిలు తొక్కేవాళ్లకు ఎదురుగాలి ఉండదు, అందుకే వాళ్లకు చెమట త్వరగా ఆరదు. ఫ్యాను ముఖానికీ ఛాతీకీ తగిలేట్టు మీటరున్నర దూరంలో పెట్టుకో. ఉక్కపోతగా ఉన్న రోజు చెమట ఆరదు గనక వేగం తగ్గించుకోవడమే మార్గం. బట్టలు వదులుగా, పలచగా, చెమటని పీల్చి బయటికి వదిలే పాలిస్టర్ రకం వేసుకో. నూలు బట్ట హాయిగా ఉంటుంది కానీ తడిసిందంటే ఒంటికి అంటుకుని అలాగే ఉండిపోతుంది, తర్వాత చలి పుట్టేటప్పుడు అదే బాధ. ఒక మందపాటి చొక్కా బదులు లోపల ఒకటీ, పైన జిప్పు ఉన్నది ఇంకొకటీ.

వార్మప్ ఐదు నిమిషాల్లో ముగించకు. 10 నుంచి 12 నిమిషాలు పట్టనీ. ట్రెడ్‌మిల్ మీదైతే గంటకు 4 కిలోమీటర్లతో మొదలుపెట్టి, రెండు నిమిషాలకోసారి 0.3 చొప్పున పెంచు. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి, అదే మోస్తరు స్థాయి. ఆ తర్వాత ఏకబిగిన అరగంట చేసేకంటే ఎనిమిది నిమిషాలు చేసి రెండు నిమిషాలు నిదానించు. ఆ రెండు నిమిషాల్లో పోగైన వేడి కొంత దిగుతుంది. అదీ కష్టమైతే పది నిమిషాల చొప్పున రోజులో మూడుసార్లు చేసినా లెక్కలోకి వస్తుంది. చేతి గడియారంలో గుండె అంకె చూసి వేగం పెట్టుకునే అలవాటుంటే జాగ్రత్త. ఆవిరి వచ్చినప్పుడు అంకె దానంతట అదే పైకెగురుతుంది. అప్పుడు అంకెని కాదు, శ్రమ ఎంత అనిపిస్తోందో దాన్ని నమ్ము: పదికి నాలుగు నుంచి ఆరు మధ్య ఉంటే సరే.

ఆవిరి పైకి వస్తోందని ఛాతీ దగ్గరో మెడ దగ్గరో తెలియగానే వేగం సగానికి తగ్గించు, కానీ టక్కున ఆగకు. అప్పటికే చర్మంలోని నాళాలన్నీ తెరుచుకుని ఉంటాయి. కాళ్లు కదలడం ఆగితే రక్తం కిందే నిలిచిపోయి కళ్లు తిరుగుతాయి. ట్రెడ్‌మిల్ మీదుంటే ముందు కమ్మీ పట్టుకో, భద్రతా క్లిప్పు బట్టకి తగిలించుకునే ఎక్కు. పైజిప్పు విప్పి, ఫ్యాను వైపు తిరిగి, తడి తువాలు మెడ వెనకా ముంజేతుల మీదా వేసుకో. నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది ఊపిరులు, వదలడం తీసుకోవడం కంటే పొడుగ్గా. దీనివల్ల ఆవిర్ల లెక్క తగ్గుతుందని చెప్పలేం గానీ కంగారు తగ్గుతుంది, కంగారు తగ్గితే ఆ నిమిషాలు గడిచిపోతాయి. రెండు గుక్కల నీళ్లు తాగు. తగ్గాక వెంటనే పాత వేగానికి పోవద్దు. ఒక మెట్టు కింద మొదలుపెట్టి ఐదు నిమిషాలు చూడు.

బరువుల దగ్గర వేరే జాగ్రత్త కావాలి. పడుకుని బార్ ఎత్తుతూ ఉండగా ఆవిరి వచ్చిందంటే అరచేతులు తడిసి పట్టు జారుతుంది. మొదటి వేడి తగలగానే బార్‌ని కొక్కేల మీద పెట్టెయ్యి, ఇంకొక్కసారి ఎత్తుదామని చూడకు. ఒంటరిగా చేసేటప్పుడు బార్ బదులు డంబెల్స్ వాడితే పక్కకి దించెయ్యొచ్చు. ఊపిరి బిగబట్టకు. సెట్టుకీ సెట్టుకీ మధ్య 90 సెకన్ల నుంచి రెండు నిమిషాలు తీసుకో, ఆ సమయంలో చేతులు తుడుచుకో. ఈతకి 26 నుంచి 28 డిగ్రీల నీళ్లు హాయి, వెచ్చబెట్టిన కొలనులో గబగబా ఈదితే మళ్లీ ఇదే తంతు. వేడి గదిలో చేయించే యోగా ప్రస్తుతానికి వద్దు.

నీళ్లు పావుగంటకోసారి 100 నుంచి 150 మిల్లీలీటర్లు చాలు. వేడిగా ఉందని లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రమాదం. ఎంత పోతోందో తెలియాలంటే ముందూ వెనకా బరువు చూసుకో: ఒక కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్టు. ఆఖరి ఐదు పది నిమిషాలు నెమ్మదిగా నడిచి ముగించు, తడి బట్ట వెంటనే మార్చుకో, గోరువెచ్చటి నీళ్లతో స్నానం చెయ్యి. వేడినీళ్లు పోసుకుంటే మరో ఆవిరిని పిలిచినట్టే.

ఇవన్నీ చేసినా రోజంతా ఆవిర్లు కమ్మేస్తూ, రాత్రి నిద్ర చెడగొడుతుంటే ఓర్చుకోవాలని అనుకోకు. ఆవిర్లకి అన్నిటికంటే బాగా పనిచేసేది హార్మోన్ చికిత్స. 60 ఏళ్లలోపు, లేదా ముట్లు ఆగి పదేళ్లలోపు ఉండి, రొమ్ము క్యాన్సర్, రక్తపు గడ్డలు, పక్షవాతం వంటివి లేనివాళ్లలో ఎక్కువమందికి దాని లాభమే ఎక్కువ. పడనివాళ్లకు హార్మోన్లు లేని మందులూ ఉన్నాయి. 2023లో అమెరికాలో అనుమతి వచ్చిన ఫెజోలినెటాంట్ అనే మందు నేరుగా మెదడులోని ఆ నాడీకణాల మీదే పనిచేస్తుంది, కానీ కాలేయ పరీక్షలు తప్పనిసరి. హార్మోన్ ప్యాచ్ వాడేట్టయితే పొడి చర్మం మీద, పొట్ట కింది భాగంలోనో పిరుదు మీదో, నడుం పట్టీ రాసుకోనిచోట అంటించి పది సెకన్లు నొక్కిపట్టు. చెమటకి ఊడేది ఎక్కువగా అంచుల దగ్గరే.

ఛాతీ బిగపట్టినట్టున్నా, నొప్పి దవడకో చేతికో పాకినా, స్పృహ తప్పినా, గుండె లయ తప్పి కొట్టుకుంటున్నా అది ఆవిరేలే అని సరిపెట్టుకోకు, వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లు. ఆవిర్లతోపాటు బరువు తగ్గడం, చేతులు వణకడం ఉంటే థైరాయిడ్ చూపించుకో. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం కలిసి వస్తే కూడా డాక్టరు చూడాల్సిందే. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆలస్యం చేయొద్దు.

రేపటి నుంచి రెండు వారాలు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాయి: ఎన్ని గంటలకు మొదలుపెట్టావు, గది ఎంత వేడిగా ఉంది, ముందు ఏం తిన్నావు తాగావు, ఆవిరి ఎన్నో నిమిషంలో వచ్చింది. నిండాక ఫొటో తీసి నాకు పంపు. ఎన్నో నిమిషం అన్నది చూస్తే వార్మప్ ఇంకెంత సాగదీయాలో ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం.

ప్రేమతో,
అమ్మ